పైముద్రలు పడిన పాత వెండి నాణేలు: వరంగల్‌లోని ఒక దుకాణంపై సమీక్ష

వరంగల్ చౌరస్తాకు దగ్గరలో, వెండి బంగారు దుకాణాల వరుస వెనుక సందులో, మేడ మెట్ల కింద ఉన్న ఒక చిన్న గదిలో పాత నాణేలు అమ్ముతారు. తన పేరూ దుకాణం పేరూ రాయవద్దని యజమాని కోరారు కనుక ఇక్కడ రాయడం లేదు. ఆ గదిలో రాగి పైసలు, రద్దయిన నోట్లు, తపాలా బిళ్లలు, నిజాం కాలపు స్టాంపు కాగితాలు కూడా దొరుకుతాయి గానీ ఈ సమీక్ష వాటి గురించి కాదు. గల్లాపెట్టె పక్కనున్న చెక్క బీరువాలో ఒక అర మొత్తాన్ని పైముద్రలు పడిన వెండి నాణేలకు కేటాయించారు. ఉత్తర తెలంగాణలో ఇలాంటి నాణేలను విడిగా ఉంచి, వాటి సంగతి తెలిసి అమ్మే చోటు నాకు మరొకటి కనబడలేదు. అందువల్ల ఆ ఒక్క అర గురించే వివరంగా రాస్తున్నాను.

పైముద్ర అంటే, ఒక టంకశాలలో తయారై చెలామణిలోకి వచ్చిన నాణెం మీద తర్వాత మరొకరు మరొక చోట కొట్టిన ముద్ర. సేకరణకర్తలు దీన్ని కౌంటర్‌స్టాంప్ అంటారు. కొట్టినది ప్రభుత్వం కావచ్చు, బ్యాంకు కావచ్చు, నాణేలను పరీక్షించి మార్చే షరాబు కావచ్చు, కంసాలి కావచ్చు, మందులు అమ్ముకునే వ్యాపారి కూడా కావచ్చు. వెండి మంచిదేనని హామీ ఇవ్వడానికి కొందరు, పరాయి నాణేన్ని తమ దేశంలో చెల్లించడానికి కొందరు, విలువ మార్చడానికి కొందరు, ఓడిపోయిన ప్రభుత్వపు గుర్తును అణచడానికి మరికొందరు ఈ పని చేశారు. నాణెం ఒక కాలానిది, ముద్ర ఇంకొక కాలానిది కావడం వల్ల మోసానికి కూడా రెండు దారులుంటాయి. నాణెం అసలైనదై ముద్ర మాత్రం నకిలీ కావడమే ఎక్కువగా జరుగుతుంది. అరిగిపోయిన మామూలు రూపాయి మీద ఉక్కుతో చెక్కిన ముద్ర ఒకటి కొడితే చాలు, దాని ధర అనేక రెట్లు పెరుగుతుంది. కాబట్టి ఈ రకం నాణేల విషయంలో అమ్మేవారి నిజాయితీ సరుకులో ఒక భాగం. ఈ దుకాణాన్ని నేను మెచ్చుకోవడానికి ముఖ్య కారణం కూడా అదే: ఇక్కడ తెలిసినదాన్ని తెలిసినట్టు, తెలియనిదాన్ని తెలియనట్టు అమ్ముతారు.

అది ఎలా జరుగుతుందో చెబుతాను. ఆ అరలోని ప్రతి నాణెం ఒక కాగితపు కవరులో ఉంటుంది. కవరు మీద అడ్డంగా గీత గీసి, పైభాగంలో నాణెం వివరాలు రాస్తారు: ఏ టంకశాలది, ఏ సంవత్సరానిది, గాలిలో తూకం ఎంత, నీటిలో తూచినప్పుడు తేలిన సాంద్రత ఎంత. గీత కింద ముద్ర వివరాలు ఉంటాయి: దాని ఆకారం, కొలత, నాణేనికి ఏ వైపున పడింది, దానికి సరిగ్గా వెనుక భాగం ఎంత చదునైంది, చివరగా అది ఎవరి ముద్ర అన్నది. ఆ చివరి గడిలో చాలా కవర్ల మీద "తెలియదు" అని రాసి ఉంటుంది. కొన్నింటి మీద "షరాబుది కావచ్చు" అని, ఇంకొన్నింటి మీద "నాకు అనుమానం" అని ఉంటుంది. అనుమానం అని రాసినవాటిని ముద్రకు పైసా వేయకుండా ఉత్త నాణెం ధరకే ఇస్తారు. ధరను కూడా రెండు ముక్కలుగా విడదీసి, నాణేనికి ఇంత, ముద్రకు ఇంత అని పెన్సిలుతో రాస్తారు. ఏదో ఒక సంస్థానపు పేరు తగిలించి, అరుదైనదని చెప్పి, సామాన్యమైన గుర్తుకు వేలు వసూలు చేయడం ఈ వ్యాపారంలో ఎంతగా పెరిగిపోయిందో చూసినవారికి ఈ పెన్సిలు గీత విలువ తెలుస్తుంది.

యజమాని కరీంనగర్ వెండి తీగపని చేసే కుటుంబం నుంచి వచ్చారు. సన్నటి వెండి తీగను మెలితిప్పి, అతికించి, పళ్లేలూ అత్తరుదానులూ చేసే ఆ పనికి భౌగోళిక గుర్తింపు ఉన్న సంగతి చాలామందికి తెలుసు. చిన్నప్పటి నుంచి దాకలి దగ్గర కూర్చుని పెరిగిన మనిషి కాబట్టి, దెబ్బ పడినప్పుడు వెండి ఎటు జరుగుతుందో ఆయనకు చేతివేళ్లకు తెలుసు. ఏ పుస్తకం చదివినా రాని తెలివి అది. నాకు ఒక రూపాయిని దీపం కింద వంచి చూపిస్తూ ఆయన అన్న మాటలు ఇవి: "సార్, ముద్రను సూసుడు కాదు, ముద్ర సుట్టూ ఉన్న వెండిని సూడాలె. కొత్తగ కొట్టినదైతే అంచు లేసి గోరుకు తగుల్తది. పాతదైతే ఆ అంచు గూడ నాణెంతోటి కలిసి అరుగుతది."

ఈ మాటను కొంచెం విడమరచడం అవసరం. ఉక్కు ముద్ర దిగినప్పుడు అక్కడి వెండి మాయం కాదు, పక్కకు జరుగుతుంది. ముద్ర చుట్టూ సన్నని గట్టులా లేస్తుంది, నాణేనికి వెనుక వైపున ఉన్న అచ్చు దాకలికి ఒత్తుకొని చదునవుతుంది. ముద్ర పడిన తర్వాత ఆ నాణెం మరో ఇరవై ముప్పై ఏళ్లు చేతులు మారి ఉంటే, గట్టు మీదా ముద్ర అక్షరాల పైఅంచుల మీదా కూడా అరుగుదల కనబడాలి. రాజు ముఖం చెంప మీద అరిగి నునుపై, ఆ నునుపు మీద పడిన ముద్ర మాత్రం నిన్న కొట్టినంత వాడిగా ఉంటే, ఆ రెండింటి మధ్య ఏం జరిగిందో అడగాలి. ముద్ర లోతులో చేరిన మసి, మైలా కూడా సాక్ష్యమే. వెనుక వైపు ఏ మాత్రం చదును కాకుండా, ముందు వైపు మాత్రం లోతైన ముద్ర ఉన్న నాణెం పోత పోసిన నకలు అయ్యే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు తూకం, సాంద్రత రెండూ తప్పుతాయి. దుకాణంలో 0.01 గ్రాము వరకు చూపే త్రాసు, గాజు గ్లాసులో నీళ్లు, దారం ఉంటాయి. కొనేవారు అడిగితే కవరు మీది అంకెలను వారి ముందే మళ్లీ తూచి చూపిస్తారు. నేను అడిగిన ప్రతిసారీ విసుగు లేకుండా తూచారు.

అరలో ఎక్కువ భాగం మన ప్రాంతపు నాణేలే. 19వ శతాబ్దం మధ్య వరకు హైదరాబాద్ రాజ్యంలో ఒకే రూపాయి లేదు. హైదరాబాద్, ఔరంగాబాద్ టంకశాలలతో పాటు గద్వాల, నారాయణపేట, వనపర్తి సంస్థానానికి చెందిన సూగూరు వంటి చోట్ల కూడా రూపాయలు తయారయ్యేవి, వాటి వెండి పాళ్లలో తేడాలుండేవి. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్ జంగ్ ఈ టంకశాలల గందరగోళాన్ని సరిదిద్దే దాకా, చేతిలో ఉన్న రూపాయి విలువ తేల్చి చెప్పడం షరాబు పని. అతడు నాణేన్ని గీటురాయి మీద గీసి, రాతి మీద మోగించి, వట్టం, అంటే తరుగు, ఎంత తీసుకోవాలో నిర్ణయించి, నికార్సయినదని తేలితే తన చిన్న గుర్తు వేసేవాడు. చుక్క, పువ్వు, చక్రం, నెలవంక, ఒంటి అక్షరం వంటి ఆ గుర్తులు కొన్ని రూపాయల మీద ఎంత గుమిగూడి ఉంటాయంటే, పారసీ రాతలో టంకశాల పేరు చదవడమే కష్టమవుతుంది. ఇలాంటి రూపాయలను సాధారణ సేకరణకర్తలు పాడైనవని పక్కన పెడతారు. నా దృష్టిలో అది అన్యాయం. ముద్ర లేని మెరిసే రూపాయి ఎవరో పాతిపెట్టినందువల్ల మిగిలి ఉండవచ్చు. ఎనిమిది షరాబు ముద్రలు పడిన రూపాయి మాత్రం ఎనిమిది అంగళ్లలో పరీక్షకు నిలబడిందని తానే చెబుతుంది.

ఈ అరలోని హాలి సిక్కాలను, అంటే హైదరాబాద్ రాజ్యపు సొంత రూపాయలను, కాలక్రమంలో పేర్చడం నాకు చాలా నచ్చింది. మొగలు చక్రవర్తి పేరుతో ఉన్నవి ఒక వైపు, 1857 తిరుగుబాటు తర్వాత ఆ పేరు తీసివేసి అఫ్జలుద్దౌలా కాలంలో అసఫ్ జాహీ బిరుదుతో ముద్రించినవి రెండో వైపు, సైఫాబాద్ టంకశాలలో యంత్రాల మీద తయారైన చార్మినార్ రూపాయలు మూడో వైపు ఉంటాయి. ఇలా పేర్చడం వల్ల ఒక విషయం కంటికే తెలుస్తుంది. సుత్తితో కొట్టిన పాత రూపాయల మీద షరాబు ముద్రలు విరివిగా ఉంటాయి. యంత్రం మీద ఒకే తూకంతో, అంచున గీతలతో వచ్చిన చార్మినార్ రూపాయల మీద దాదాపు ఉండవు, ఎందుకంటే వాటిని ఒక్కొక్కటిగా పరీక్షించాల్సిన పని లేకుండా పోయింది. కాబట్టి చార్మినార్ రూపాయి మీద ముద్ర కనబడితే, అది షరాబుదని చెప్పేవారిని నమ్మకూడదు. అన్నట్టు, చార్మినార్ తలుపు మధ్యలో కనబడే అరబ్బీ అక్షరం పైముద్ర కాదు. మహబూబ్ అలీ ఖాన్ కాలంలో మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో ఐన్ అచ్చులోనే చెక్కారు. దాన్ని చూపించి పైముద్ర అని అమ్మజూపే ప్రకటనలు తరచుగా కనబడుతున్నందున ఈ మాట చెప్పాల్సి వచ్చింది.

కవర్ల మీద తూకం, వెండి పాళ్లు రాయడం వల్ల కలిగే మరో ప్రయోజనం హాలి రూపాయలనూ బ్రిటిష్ ఇండియా వారి కల్దారు రూపాయలనూ పక్కపక్కన పెట్టినప్పుడు తెలుస్తుంది. చార్మినార్ హాలి రూపాయి తూకం సుమారు 11.18 గ్రాములు, అందులో వెయ్యికి 818 పాళ్లు వెండి. అంటే అసలు వెండి 9.14 గ్రాములు. కల్దారు రూపాయి 11.66 గ్రాములు, వెయ్యికి దాదాపు 917 పాళ్లు. అసలు వెండి 10.69 గ్రాములు. వంద కల్దారు రూపాయలకు 116 హాలి రూపాయల 10 అణాల 8 పైలు (అణాకు 12 పైలు) అని మన ముందుతరం వారు లెక్క కట్టిన మారకం ధర ఈ వెండి నిష్పత్తికి చాలా దగ్గరగా ఉంది. సాంద్రత కూడా ఇదే సంగతి చెబుతుంది: కల్దారుకు 10.3 దాటి, హాలికి 10.2కు కాస్త లోపు రావాలి. కవరు మీద ఈ అంకె చూసి, ముద్ర సంగతి తర్వాత, ముందు నాణెం తాను చెప్పుకుంటున్న నాణెమేనా అని ఎవరికి వారు తేల్చుకోవచ్చు.

మన జిల్లాల్లో మాత్రమే ఎదురయ్యే ఒక చిక్కును ఈ దుకాణం సమర్థంగా పరిష్కరించింది. వరంగల్, మహబూబాబాద్ తండాల్లో లంబాడా స్త్రీలు వెండి రూపాయలను ఆభరణాలుగా ధరించేవారు. ఊళ్లలో రూపాయలను గుచ్చిన పేర్లు, అంటే దండలు, కూడా ఉండేవి. వాటి నుంచి బయటికి వచ్చిన నాణేలకు కాడ అతికించిన మచ్చలు, చిల్లులు, చిల్లు పూడ్చిన గుర్తులు, నగ చేసిన అవుసులాయన (కంసాలి) గుర్తు, తాకట్టు పెట్టుకున్న వ్యాపారి గీసిన అంకె, ఇలా ఎన్నో ఉంటాయి. కాడ ఊడిన మచ్చను గుండ్రటి పైముద్రగా చూపించి అమ్మడం చాలా సులువు. ఇక్కడ అలాంటి నాణేలకు వేరే పెట్టె ఉంది, దాని మీద "నగ నుంచి వచ్చినవి" అని రాసి ఉంటుంది, ధర వెండి ధరకు కొంచెం మాత్రమే ఎక్కువ. నేను అక్కడ ఉన్నప్పుడు తండా నుంచి ఒక ముసలామె మనుమడితో కలిసి పాత రూపాయల దండ ఒకటి కరిగించడానికి తెచ్చింది. ఆయన దాన్ని తూచి, దారం కోయకముందే రెండు నాణేలను వేలితో పక్కకు జరిపి, "అవ్వా, ఇవి కరిగియ్యకు. గీ రెండు వెండి కంటె ఎక్కువ ధర పోతయి, నువ్వు అమ్మకున్నా ఇంట్ల దాసుకో" అన్నారు. వెండి ధర ఎక్కిన ప్రతిసారీ బస్తాల కొద్దీ పాత రూపాయలు మూసలోకి పోతున్న కాలంలో, ఆ ఒక్క మాట కోసమే ఈ దుకాణానికి మరో నక్షత్రం ఇవ్వవచ్చు.

విదేశీ నాణేలు తక్కువే గానీ, వాటిలో ఉన్న చరిత్ర చాలా పెద్దది. అమెరికాలో స్థిరపడిన కొన్ని స్థానిక కుటుంబాల వారి ద్వారా ఇవి వచ్చాయని యజమాని చెప్పారు. వాటిలో ప్రధానమైనది స్పానిష్ డాలరు, అంటే మెక్సికో మొదలైన టంకశాలల్లో ముద్రించిన ఎనిమిది రియాళ్ల నాణెం. సుమారు 27 గ్రాముల ఈ నాణెం 18వ శతాబ్దంలో అమెరికా నుంచి చైనా దాకా చెల్లింది, పైముద్రలు కూడా దీని మీద పడినన్ని మరే నాణెం మీదా పడి ఉండవు. దుకాణంలో చూసినది స్పెయిన్ రాజు మూడో చార్లెస్ ముఖంతో ఉంది, దాని ఒళ్లంతా చైనా వ్యాపారుల ముద్రలతో నిండి ఉంది. దాని అంచును చూపించిన తీరు మెచ్చుకోదగినది. ఈ నాణేల అంచున వలయం, దీర్ఘచతురస్రం ఒకదాని తర్వాత ఒకటిగా ఉంటాయి. ఆ నమూనా మొదలూ చివరా కలిసే చోట ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు కనబడుతుంది, అలాంటి చోట్లు రెండు, ఎదురెదురుగా ఉండాలి. నకళ్లు ముఖం మీద శ్రద్ధ పెట్టి, అంచు దగ్గరే దొరికిపోతాయి.

ముద్రను నకిలీ చేయడం ఈనాటి విద్య కాదని కూడా ఈ డాలరు చరిత్రే చెబుతుంది. 1797లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వెండి కొరత తీర్చుకోవడానికి స్పానిష్ డాలర్ల మీద మూడో జార్జి తల ఉన్న చిన్న అండాకారపు ముద్ర కొట్టి, నాలుగు షిల్లింగుల తొమ్మిది పెన్నీల ధరకు విడుదల చేసింది. వెండి సామాను మీద పన్ను కట్టినట్టు గుర్తుగా వేసే ముద్రలాంటిదే అది. వెంటనే దొంగముద్రలు బయలుదేరాయి. 1804లో ఎనిమిది మూలల ముద్రకు మారినా అవి ఆగకపోవడంతో, అదే సంవత్సరం డాలరు మొత్తాన్ని అచ్చుల మధ్య పెట్టి కొత్తగా ముద్రించాల్సి వచ్చింది. కాబట్టి ఆనాటి దొంగముద్ర ఉన్న డాలరు కూడా రెండు వందల ఏళ్ల నాటిదే అవుతుంది, దాని అరుగుదల కూడా నిజమైనదే. "పాతదే గానీ సర్కారుది కాకపోవచ్చు" అని ఒక కవరు మీద రాసి ఉండడం చూసి నాకు చాలా గౌరవం కలిగింది. ఈ తేడాను గుర్తించి రాసే వ్యాపారులు పెద్ద నగరాల్లో కూడా అరుదు.

మదరాసు కథ మనకు ఇంకా దగ్గరిది. కంపెనీ వారి మదరాసు టంకశాల 1808 నుంచి స్పానిష్ డాలర్లనే తీసుకొని వాటి మీద అర వరహాలు ముద్రించింది. ఒక వైపు గోపురం, మరో వైపు విష్ణువు, నాణెం పేరు ఇంగ్లీషు, పారసీ, తమిళంతో పాటు తెలుగులో కూడా ఉంటుంది. కొన్నింటి మీద గోపురం పక్కన స్పెయిన్ రాజు రాతల ఆనవాళ్లు ఇంకా కనబడతాయి. ఇది పూర్తిగా తిరిగి ముద్రించినది కాబట్టి పైముద్ర అనలేము, అయినా ఈ అరలో దానికి చోటివ్వడం సబబే. అదే మదరాసు నుంచి 1812లో సమరంగ్ అనే ఓడలో 40,000 స్పానిష్ డాలర్లు ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌కు చేరాయి. వచ్చిన వెండి తిరిగి ఓడలెక్కి పోకుండా గవర్నర్ లాక్లన్ మక్వారీ వాటి నడుమ చిల్లు కొట్టించారు. ఆ పని చేసిన విలియం హెన్షల్ దొంగనాణేల నేరానికి శిక్ష పడి అక్కడికి చేరిన మనిషి. వలయానికి అయిదు షిల్లింగులు, నడుమ నుంచి తీసిన బిళ్లకు పదిహేను పెన్నీలు విలువ కట్టారు, రెండింటి మీదా 1813 అని ముద్రించారు. ఆ వలయాలు ప్రపంచంలో దాదాపు మూడు వందలే మిగిలాయి. దుకాణంలో ఉన్నది నకలు, కవరు మీద ఎర్ర సిరాతో "నకలు" అనే రాశారు, చూపించడానికే తప్ప అమ్మరు.

అమెరికా నుంచి వచ్చినవి చిన్న రెండు రియాళ్ల నాణేలు. అమెరికా స్వతంత్రమైన తర్వాత కూడా 1793 నాటి చట్టంతో స్పానిష్ వెండి అక్కడ చట్టబద్ధంగా చెల్లింది, 1857 ఫిబ్రవరిలో ఆ చెల్లుబాటు రద్దయింది. అన్ని దశాబ్దాలు చేతులు మారిన రెండు రియాళ్లు పలకలా నునుపైపోయాయి, ఆ నునుపు మీద కంసాలులూ దుకాణదారులూ తమ పేర్లు కొట్టుకున్నారు. 1830ల కాలంలో బాల్టిమోర్‌కు చెందిన హౌక్ అనే మందుల వ్యాపారి తన సర్వరోగనివారిణి పేరును వెండి నాణేల మీద కొట్టి ఊరూరా పంపడం సేకరణకర్తలందరికీ తెలిసినదే. న్యూయార్క్ కంసాలి ఎఫ్రయిమ్ బ్రాషర్ 1780లలో విదేశీ బంగారు నాణేలను పరీక్షించి వేసిన రెండక్షరాల ముద్ర మన షరాబు చేసిన పని లాంటిదే. ఇంత పేరున్న ముద్రలు వరంగల్‌లో ఉంటాయని ఎవరూ ఆశించకూడదు. ఇక్కడున్నవాటిలో ఒకదాని మీద మూడక్షరాలు, మరొకదాని మీద సగం అరిగిన ఇంటిపేరు మాత్రమే ఉన్నాయి. రెండు కవర్ల మీదా "తెలియదు" అనే ఉంది. నేను ఇంటిపేరు ఉన్నదాన్ని కొన్నాను. ముద్రకు వేసిన ధర నాణెం ధరలో సగం కన్నా తక్కువ, అది న్యాయమైన ధర. ఆ అక్షరాల గట్టు అరిగిన తీరు నాణెం అరుగుదలతో కలిసిపోయింది, వెనుక వైపు కిరీటం ఆనవాలు సరిగ్గా అక్షరాల కిందే చదునైంది.

అరబ్బీ ముద్రలు పడిన రూపాయల దగ్గర మాత్రం కొనేవారు నిదానించాలి. అరేబియాలోని హెజాజ్, నజ్ద్ ప్రాంతాల పేర్లు కొట్టిన రూపాయలూ, ఆస్ట్రియా వెండి నాణేలైన మరియా థెరిసా థాలర్లూ మార్కెట్లో లెక్కకు మించి ఉన్నాయి, వాటిలో చాలా భాగం సేకరణకర్తల కోసమే తర్వాతి కాలంలో తయారైనవి. దుకాణంలో ఉన్నవాటిని "అనుమానం" అనే రాశారు. అయితే ఇప్పటి యెమెన్‌లోని హద్రమౌత్ తీరంలో షిహ్ర్, ముకల్లా పట్టణాలను ఏలిన ఖుఐతీ సుల్తానుల ముద్ర హైదరాబాద్ రాజ్యం వారికి ప్రత్యేకమైనది. ఆ వంశానికి ఆద్యుడైన ఉమర్ బిన్ అవద్ నిజాం సైన్యంలో జమాదారుగా ఎదిగి గడించిన సంపదతోనే అక్కడ అధికారం సంపాదించాడు. హైదరాబాద్‌లోని బార్కాస్‌లో ఈనాటికీ ఉన్న చావూష్ (అరబ్బు సంతతి) కుటుంబాల మూలాలు ఆ తీరానివే. హిజ్రీ 1307, అంటే 1889-90 సంవత్సరం ఉన్న ఆ ముద్రను మన దేశపు రూపాయల మీద కూడా కొట్టారు. ఇక్కడ నుంచి సిపాయి జీతంగా బయలుదేరిన వెండి అక్కడ ఆ వంశపు గుర్తు వేయించుకొని, మళ్లీ ఇక్కడికే చేరి ఉండవచ్చునన్న ఊహ ఎంతో ఆకర్షించేది. అలాంటి నాణెం ఒకటి ఈ దుకాణంలో ఉంది, ధర మాత్రం అన్నింటికన్నా ఎక్కువ, ముద్ర అంచులు నాకు కొంచెం వాడిగానే కనబడ్డాయి. ఆ సంగతి చెప్పినప్పుడు యజమాని వాదించలేదు. భూతద్దంతో మరోసారి చూసి, కవరు మీద "ఇంకొకరికి చూపించాలి" అని రాసుకున్నారు. నేను దాన్ని కొనలేదు.

చట్టం విషయంలో ఈ దుకాణం కచ్చితంగా ఉంటుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణేలు పురావస్తువులు, వాటిని అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి, ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. లైసెన్సు కాగితం గోడకు తగిలించి ఉంది. పొలం దున్నుతుంటే దొరికాయని, గోడ కూలిస్తే బయటపడ్డాయని తెచ్చేవాటిని తీసుకోరు. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతుంది. కోటిలింగాల, ధూళికట్ట, పెద్దబంకూరు వంటి ప్రాచీన స్థలాలున్న ప్రాంతంలో ఈ నియమం పాటించని వ్యాపారి వల్ల జరిగే నష్టం డబ్బుతో కొలిచేది కాదు. ఏ పొరలో, ఏ కుండలో, ఏ నాణేలతో కలిసి దొరికిందో తెలియని నాణెం సగం చరిత్ర పోగొట్టుకున్నట్టే.

లోపాలు కూడా చెప్పాలి. మొదటిది కవర్లు. ప్లాస్టిక్ సంచులను ఈ అర నుంచి తీసివేయడం మంచి పనే, ఎందుకంటే మెత్తటి పీవీసీ కాలక్రమంలో వెండి మీద ఆకుపచ్చ జిగురు వదులుతుంది. అయితే వాటికి బదులు వాడుతున్న మామూలు గోధుమరంగు కాగితంలో గంధకం పాళ్లుంటాయి, వాటి వల్ల వెండి నల్లబడుతుంది. ఆమ్లమూ గంధకమూ లేని కాగితం హైదరాబాద్ నుంచి తెప్పించుకోవడం పెద్ద ఖర్చు కాదు. రెండోది వెలుతురు. మెట్ల కింది గదిలో ఒక్క తెల్ల దీపం నేరుగా పైనుంచి పడుతుంది. ముద్ర గట్టు కనబడాలంటే పక్క నుంచి పడే వెలుతురు కావాలి. మూడోది, నా దృష్టిలో అన్నింటికన్నా పెద్దది, తోమడం. అమ్మకానికి తెచ్చేవారు ముందే చింతపండుతో తోమి తెస్తే ఆయన తప్పు లేదు గానీ, దుకాణంలో పనిచేసే కుర్రవాడు మిగతా అరల్లోని రూపాయలకు పాలిష్ పెట్టడం నేను చూశాను. ముద్ర లోతులోని మసి పోతే సాక్ష్యం పోయినట్టే అని అందరికన్నా బాగా తెలిసిన మనిషి తన దుకాణంలో ఆ డబ్బాను ఉంచకూడదు. ఈ మాట ఆయనతోనే చెప్పాను. గిరాకీలు మెరుపు అడుగుతారని ఆయన సమాధానం. ఆ సమాధానం నాకు సరిపోలేదు.

కొన్న ప్రతి నాణేనికి రసీదు ఇస్తారు, అందులో కవరు మీది అంకెలన్నీ ఎక్కిస్తారు. ముద్ర నకిలీదని తెలిసినవారెవరైనా తేల్చి చెబితే నెల లోపు డబ్బు వాపసు ఇస్తామని రసీదు మీదే రాసి ఉంటుంది. ఫోన్లో ఫొటోలు పంపి బేరాలు చేయరు, వచ్చి చేత్తో పట్టుకొని చూడాల్సిందే. పెళ్లిళ్ల రోజుల్లో పక్క వెండి దుకాణాల రద్దీ వల్ల ఆ సందులో నిలబడడం కూడా కష్టం, మామూలు రోజుల్లో మధ్యాహ్నం పూట వెళ్తే తీరికగా చూడనిస్తారు. పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం, పక్క నుంచి వెలుతురు వేసుకోవడానికి చిన్న టార్చి వెంట తీసుకెళ్లండి. ఇప్పుడే మొదలుపెట్టేవారు విదేశీ డాలర్ల జోలికి పోకుండా, రెండు మూడు షరాబు ముద్రలున్న హాలి రూపాయి ఒకటి అడిగి తీసుకోవడం మంచిది. నకిలీ చేసినందువల్ల పెద్దగా లాభం లేని నాణెం అది, అసలైన పాత ముద్ర ఎలా ఉంటుందో దాని మీద చూసి కన్నుకు అలవాటు చేసుకోవచ్చు.